క్రియ వచ్చేదాకా

ఆయనకు సందేహాలయ్య అన్న పేరు ఎవరు పెట్టారనే విషయంలో ఆయనకే ఒక సందేహం ఉండేది. ఎదుటి వరుసలో గడియారాలు బాగుచేసే అతని పని అని కొంతకాలం అనుకొన్నాడు. కాదు, కట్టుకొన్న ఇల్లాలే ఆ పేరు పెట్టి వీధిలోకి వదిలిందని మరికొంతకాలం అనుకొన్నాడు. ఏది నిజమో తేలలేదు గాని పేరు మాత్రం స్థిరపడిపోయింది.

వీధి మలుపులో ఆయనకు కళ్లజోళ్ల దుకాణం ఉంది. వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ అయిన గది. ఆ కొసన అక్షరాల పట్టిక, ఈ కొసన ఎత్తు కుర్చీ, పట్టిక మీద మాత్రమే పడే దీపం. వెనుక భాగంలో అద్దాల అంచులు అరగదీసే చక్రం ఎప్పుడూ తిరుగుతూ ఉంటుంది. దాని మీద బొట్లుబొట్లుగా పడే నీటిలో గాజుపొడి కలిసి తెల్లని బురదగా పేరుకొంటుంది. ఈశ్వరుడు మనిషికి కన్ను ఇచ్చి, కనబడినదంతా నమ్మవద్దని బుద్ధిని కూడా ఇచ్చాడని ఆయన విశ్వాసం. ఆయనకు ఉన్న విశ్వాసాలలో సందేహం సోకనిది అదొక్కటే.

వృత్తి కూడా ఆ స్వభావానికి బాగా నీరు పోసింది. పరీక్షల కాలం రాగానే కళ్లు మసకలంటూ తల్లిదండ్రుల చేయి పట్టుకొని వచ్చే పిల్లలు ఎందరో. వారిని పట్టుకోవడానికి ఆయన దగ్గర ఒక ఉపాయం ఉండేది. పరీక్ష ఫ్రేములో ఏ శక్తీ లేని ఉత్త అద్దం పెట్టి, "ఇది చాలా గట్టి అద్దం, ఇప్పుడు చూడు" అనేవాడు. "అబ్బ, ఎంత బాగా కనిపిస్తోందో!" అని పిల్లవాడు ఆనందపడగానే, అద్దం తీసి తండ్రి చేతిలో పెట్టి, "మీ వాడి కళ్లు భేషుగ్గా ఉన్నాయి. నాలుక సంగతే చూసుకోండి" అని పంపేసేవాడు. ఈ ఉపాయం ఏనాడూ తప్పలేదు. అందువల్ల పిల్లలందరూ పుట్టుకతోనే నటులన్న అభిప్రాయం ఆయనలో వేళ్లూనుకొంది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆయన తమ్ముడు కూతుర్ని వెంటబెట్టుకొని దుకాణానికి వచ్చాడు. తమ్ముడు మేడలలో లిఫ్టులు మరమ్మతు చేసే మనిషి. పని వేళలో ఊరికే తిరిగేవాడు కాడు. కూతురు తొమ్మిదో తరగతి. ఎడతెగకుండా మాట్లాడుతుందని ఇంట్లో అందరూ ఆ అమ్మాయిని పిచ్చుక అని పిలుస్తారు. ఆనాడు పిచ్చుక నోట మాట లేదు. ఆ మౌనాన్ని చూడగానే ఆయనకు మొదటి అనుమానం కలిగింది.

"ఏరా, ఈ వేళప్పుడు వచ్చావు? పని మానేశావా, మాన్పించారా?"

"నా సంగతి తర్వాత అన్నయ్యా. దీని కళ్లు చూడు."

"కళ్లకేమైంది?"

"అదే నువ్వు చెప్పాలి." తమ్ముడు కూతుర్ని కుర్చీలో కూర్చోబెట్టి, అన్నను చక్రం వైపు లాక్కుపోయి గొంతు తగ్గించాడు. "చెప్పడం కాదు, చెప్పి తీరాలి."

జరిగినది ఇది. బడిలోని ప్రయోగశాలలో ప్రతి బల్ల మీదా చేయవలసిన పనులు, చేయకూడని పనులు అచ్చువేసిన అట్ట ఒకటి ఉంటుంది. పాతకాలపు భాషలో కూర్చిన వాక్యాలు. అందులో ఒకటి: "పాత్రను మంట మీదనుండి దించి, మూత తీసి, కొంత తడవు నిలిచి, వేడి తగ్గినదని తోచినను రెండవ సీసాలోని ద్రవమును అందులో కలుపవలదు." పిచ్చుక పాత్ర దించింది, మూత తీసింది, వేడి తగ్గేదాకా బుద్ధిగా నిలుచుంది, ఆపైన రెండవ సీసా ఒంపింది. నురుగు పొంగింది, పాత్ర పగిలింది, పక్కన నిలుచున్న అమ్మాయి మణికట్టు మీద కాలిన బొబ్బలు లేచాయి. గాయం పెద్దది కాదు. అయితే ఆ అమ్మాయికీ పిచ్చుకకూ ముందురోజే పెద్ద తగాదా జరిగిందని తరగతి అంతటికీ తెలుసు.

"అట్ట చదివావా అని అడిగితే చదివాను అంది. ఏమని ఉంది అంటే కలపమని ఉంది అంది. చేతిలో పెట్టి చూపిస్తే వలదు అని ఉంది! హెడ్ మేడం ఏమనుకుంటుంది చెప్పు? కావాలని చేసి పైగా అబద్ధమాడుతోంది అంది. సోమవారం మమ్మల్ని రమ్మంది. సరైన కారణం చూపించకపోతే పేరు కొట్టేస్తారట."

"అయితే?"

"నువ్వొచ్చి, దీనికి కళ్లు సరిగ్గా ఆనవు అని ఒక్క మాట చెప్పు. ఊళ్లో నీ మాటకు విలువుంది. నువ్వెవర్నీ నమ్మవని అందరికీ తెలుసు కాబట్టి, నువ్వు చెబితే నమ్ముతారు."

అన్నగారు తమ్ముడి ముఖాన్ని పగులు వెదికే అద్దాన్ని చూసినట్లు చూశాడు. వీడు కూతురు చెప్పినది నమ్మి వచ్చాడా, లేక అబద్ధమని తెలిసి కప్పిపుచ్చడానికి వచ్చాడా? "ముందు చూడనీ" అని మాత్రం అన్నాడు.

పట్టికలో అట్టడుగు వరుసను ఆ అమ్మాయి కళ్లు కూడా చిట్లించకుండా చదివింది. ఆయన ఉత్త అద్దం పెట్టి, గంభీరంగా, "ఇది చాలా గట్టి అద్దమమ్మా. ఇప్పుడెలా ఉంది?" అన్నాడు.

పిచ్చుక ఒకసారి ఇటూ అటూ చూసింది. "ఏం తేడా లేదు పెదనాన్నా. ఇది ఉత్త అద్దమే కదూ?"

ఏనాడూ తప్పని ఉపాయం తప్పింది. మరొకరైతే ఈ పిల్ల నిజాయితీపరురాలని సంతోషించేవారు. ఆయన మాత్రం, నా కిటుకు ముందే కనిపెట్టి వచ్చిందంటే ఎంత జాణ అయి ఉండాలి అనుకొన్నాడు.

తరువాత చేతిలో పట్టుకొని చదివే అట్ట ఇచ్చాడు. దాని మీద పైన పెద్ద అక్షరాలతో ఒక పెద్ద వాక్యం, కిందికి వచ్చేకొద్దీ చిన్న అక్షరాలతో చిన్న వాక్యాలు ఉంటాయి. పైన ఉన్నది ఇది: "తలుపు తట్టిన చప్పుడు విని, చేతిలోని పని పక్కన పెట్టి, దీపం పట్టుకొని గుమ్మం దాకా వచ్చిన ముసలామె, బయట నిలిచినవాని గొంతు గుర్తుపట్టి కూడా తలుపు తీయలేదు."

పిచ్చుక ఎక్కడా తొట్రుపాటు లేకుండా గడగడా చదివి, "తలుపు తీసింది" అని ముగించింది.

"ఏం చేసింది?"

"తలుపు తీసింది."

"తీసిందా?"

"తియ్యదా మరి? గొంతు గుర్తుపట్టింది కదా."

ఆయన కింది వరుస చూపించాడు. ఆవగింజంత అక్షరాలు; "వాన రాలేదు" అని ఉంది. పిచ్చుక వాన రాలేదనే చదివింది. ఆయన అట్ట బల్ల మీద పెట్టి తమ్ముడి వైపు తిరిగాడు.

"చీమల్లాంటి అక్షరాలు చదివింది. ఏనుగుల్లాంటివి చదవలేకపోయింది. లోకంలో ఏ కన్నైనా ఇలా చూస్తుందట్రా? నటన! అది కూడా చేతకాని నటన."

"నేను నటించలేదు పెదనాన్నా!" పిచ్చుక కళ్లలో నీళ్లు తిరిగాయి. కన్నీళ్లను కూడా ఆయన కొంతసేపు పరీక్షగానే చూశాడు.

ఇంటికి వెళ్లి ఈ సంగతి చెప్పగానే భార్య చేతిలోని గరిటె కింద పెట్టింది. "పద్నాలుగేళ్ల పిల్లని కుర్చీలో కూర్చోబెట్టి మొహాన దీపం వేసి దొంగని అడిగినట్టు అడిగితే, దానికి తన పేరైనా గుర్తుంటుందా? నా మీద కూడా మీకు అనుమానమే కదా. ఏదీ, ఒక్కసారి లెక్క చెప్పండి, నేను ఎన్నిసార్లు అబద్ధమాడానో."

"నీ సంగతి ఇంకా తేలలేదు" అన్నాడాయన, చేతులు కడుక్కొంటూ.

మరునాడు ఉదయం, బడిలో భాష చెప్పే ఉపాధ్యాయురాలు కొత్త కళ్లజోడు తీసుకోవడానికి దుకాణానికి వచ్చింది. పద్యం ఎంత శ్రావ్యంగా చదువుతుందో అంత నిదానంగా మాట్లాడే మనిషి. ఆయన ఫ్రేము కొమ్ములు వేడిచేసి ఆమె చెవులకు సరిపడేలా వంచుతూ, పిచ్చుక ఎవరో తెలియనట్లు సంభాషణ ఎత్తాడు.

"మీ బడిలో ఎవరో పిల్ల ఏదో పగలగొట్టిందటగా?"

"మీ తమ్ముడుగారి అమ్మాయే కదండీ" అంది ఆమె, నవ్వకుండా.

ఆయనకు కొంచెం సిగ్గు వేసింది. అది కనబడనీయకుండా చదివే అట్ట ఆమె చేతికిచ్చాడు. ఆమె ముసలామె వాక్యం మొదలుపెట్టి, చివరిదాకా చదివి, అట్ట దించి, "ఇది ఆ అమ్మాయి చేత చదివించారా?" అని అడిగింది.

"చదివించాను. తలుపు తీసింది అని చదివింది. అడుగున చిన్నక్షరాలు మాత్రం చక్కగా చదివింది. ఇదేం దృష్టి అంటారు?"

"దృష్టి కాదండీ. ఈ అట్టలో అక్షరాలు పెద్దవైనచోట వాక్యమూ పెద్దదైంది. మీరు అక్షరాల కొలత చూశారు. వాక్యం కొలత చూడలేదు." ఆమె కళ్లజోడు తీసి తుడుచుకొంది. "నేను పద్యం చదివి వినిపిస్తే ఆ పిల్ల అర్థం చక్కగా చెబుతుంది. నేను ఎక్కడ విరవాలో అక్కడ విరిచి, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతాను కదా, నా గొంతే దారి చూపిస్తుంది. తనంతట తాను పొడుగు వాక్యం చదివితే మాత్రం చివరికొచ్చేసరికి దారి తప్పుతుంది. అక్షరాలు రాక కాదు. మన భాషలో క్రియ చివర కూర్చుంటుంది. అది తీసిందో, తీయలేదో తెలిసేదాకా ముందు చెప్పిందంతా మనసులో పట్టి ఉంచాలి. ఇలాగే అవుతుందిలే అని మనసు ముందుకు దూకబోతే కళ్లెం వేసి ఆపాలి. తీరా చివర ఎదురు తిరిగితే, అప్పటిదాకా అనుకున్నది వదిలేసి వెనక్కి తిరగాలి. పట్టడం, ఆపడం, తిప్పడం. ఈ మూడూ కంటి పనులు కావు, మనసు తనను తాను నడుపుకునే పనులు. కంటికీ చెవికీ వచ్చినంత తొందరగా ఇవి ఎదగవు. పెద్దవాళ్లయ్యేదాకా ఎదుగుతూనే ఉంటాయట. కొందరిలో మరీ నెమ్మదిగా."

"ఇది మీరు కనిపెట్టిందా?"

"కాదండీ. మాకు శిక్షణలో చెప్పారు. హెడ్ మేడంకు చెప్పబోయాను. మీకు ఆ పిల్లంటే ముద్దు, అందుకే వెనకేసుకొస్తున్నారు అన్నారు."

ఆమె వెళ్లిన తరువాత ఆయన చక్రం ముందు చాలాసేపు ఊరికే కూర్చొన్నాడు. మనస్సును గుర్రంతోనూ బుద్ధిని సారథితోనూ పోల్చడం ఆయన చిన్ననాటి నుండి విన్నదే. ఆ సారథి కూడా వయసుతో పెరిగేవాడని, కళ్లెం చేతిలో ఉన్నా పట్టు చాలని ప్రాయం ఒకటుంటుందని ఎన్నడూ ఆలోచించలేదు. మాట వినసొంపుగానే ఉంది. వినసొంపుగా ఉండటమే ఆయనకు అనుమానం. పద్యాలు చెప్పే మనిషి కథ అల్లలేదా? ముద్దు శిష్యురాలి కోసం ఇంత అల్లిక అల్లిందేమో! పైగా, ఈ మాటలు ఆమె పిచ్చుకకు ముందే నూరిపోసి ఉంటే?

అందుచేత ఆయన ఒక వల పన్నాడు. ఆదివారం తలుపులు మూసిన దుకాణానికి పిచ్చుకను పిలిపించి, "పాత అట్ట అరిగిపోయింది, కొత్తది అచ్చువేయించాలి. వాక్యాలు రాశాను, చదివి ఏవి బాగున్నాయో చెప్పు" అన్నాడు. పరీక్ష అన్న మాట ఎక్కడా రానీయలేదు. వాక్యాలను మాత్రం రాత్రంతా ఆలోచించి కూర్చాడు. కొన్ని పొడుగువి, చివర అందరూ అనుకొన్నట్లే ముగిసేవి. కొన్ని పొడుగువే గాని చివర ఎదురు తిరిగేవి. కొన్ని పొట్టివై ఎదురు తిరిగేవి. అక్షరాలన్నీ ఒకే కొలత. నటించే మనిషి ఎక్కడ తప్పాలో తెలియక ఎక్కడో ఒకచోట దొరికిపోతుందని ఆయన ధీమా.

పిచ్చుక చదవసాగింది. ఆయన వెనుక నిలుచుని, మరొక కాగితం మీద పెన్సిలుతో గుర్తులు పెట్టసాగాడు. పొట్టివి అన్నీ ఒప్పే. పొడుగువైనా అనుకొన్నట్లు ముగిసేవి ఒప్పే. పొడుగువై ఎదురు తిరిగేవి వచ్చినప్పుడల్లా, వాక్యం ఒక వైపూ ఆ అమ్మాయి నోరు ఒక వైపూ పోయాయి. "కోపం మరచి, పాత స్నేహం తలచుకొని, ఎండలో అంత దూరం నడిచి వచ్చిన మిత్రునికి అడిగిన పుస్తకం ఇవ్వలేదు" అని ఉంటే "ఇచ్చాడు" అంది. "రాలేదు" అన్నచోట "వచ్చాడు" అంది. గొంతులో ఎక్కడా జంకు లేదు.

చివర కాగితం మడిచి, ఈ గొడవ మొదలయ్యాక మొదటిసారి నవ్వింది. "బాగున్నాయి పెదనాన్నా. నిన్ను అందరూ అనుమానం మనిషి అంటారు గానీ, నీ వాక్యాల్లో అందరూ ఎంత మంచివాళ్లో! అడిగితే ఇచ్చేస్తున్నారు, పిలిస్తే వచ్చేస్తున్నారు."

ఆయన వ్రాసిన పొడుగు వాక్యాలలో ఇచ్చినవారికంటె ఇవ్వనివారే ఎక్కువ. వచ్చినవారికంటె రానివారే ఎక్కువ. ఆ వాక్యాలలో ఆ అమ్మాయికి కనబడిన లోకం వ్రాసినవానికి తెలిసిన లోకం కాదు.

ఆయన తన అనుమానాన్ని ఆఖరిసారి పూర్తిగా సాగదీసి చూశాడు. ఇదంతా నటన అనుకొందాం. అలా నటించాలంటే ఏ వాక్యం పొడుగో, ఏది పొట్టో, ఏది ఎదురు తిరుగుతుందో చదువుతూ చదువుతూనే కనిపెట్టాలి. కనిపెట్టినది మనసులో పట్టి ఉంచుకోవాలి. సరిగ్గా చదవాలన్న ఊపును ఆపుకోవాలి. చివర మాత్రం తిప్పి చెప్పాలి. అంటే పంతులమ్మ చెప్పిన ఆ మూడు శక్తులూ ఈ పిల్లలో అందరికంటె మిన్నగా ఉండాలి. అవే ఉంటే నటించవలసిన అవసరమేమిటి? అనుమానం తన తోకను తానే మింగి ఆగిపోయింది.

"ఇలా రా" అన్నాడాయన. స్నేహితుని వాక్యం మీద చివరి మాట దగ్గర వేలు పెట్టాడు. "ఇదొక్కటీ చదువు."

"ఇవ్వ... లేదు." పిచ్చుక ముఖం మారిపోయింది. పైనున్న మరొక వాక్యం తానే వెదికింది. ఇంకొకటి. "రాలేదు. ఇది కూడా లేదే. పెదనాన్నా, ఇవి నేను చదివినప్పుడు ఇలా లేవు."

"ఉన్నాయమ్మా."

"అయితే ఆ అట్ట మీద కూడా..." ఆ అమ్మాయి కుర్చీలో కూలబడింది. "దాని చెయ్యి నావల్లే కాలింది. నేను మొద్దునా పెదనాన్నా?"

ఓదార్పు మాటలు ఆయనకు అలవాటు లేవు. "మొద్దువి కాదు. తొందరగా నమ్మేస్తావు, అంతే. సగం వాక్యం తీపిగా ఉంటే మిగతా సగం కూడా తీపే అనుకుంటావు. నాకు ఆ జబ్బు లేదు, నాది దానికి ఎదురు జబ్బు." వాక్యాల కాగితాన్ని తన వైపు తిప్పుకొన్నాడు. "మొన్న నిన్ను నటన అన్నాను. అది నేను తప్పుగా చదివాను."

ఆ మధ్యాహ్నం వారిద్దరూ ఒకే పని చేశారు. పండితులు పద్యాన్ని అన్వయించేటప్పుడు ముందుగా క్రియను పట్టుకొంటారు. పట్టుకొని ఎవరు, దేనిని, ఎలా అని దానినే అడుగుతారు. ఆయనా అదే చేయించాడు. వాక్యం చివర ఎడమచేతి వేలు, మొదట కుడిచేతి వేలు. రెండు వేళ్లూ కలిసేదాకా లోపలి మనిషి ఏమి చెప్పినా వినకూడదు. "క్రియ వచ్చేదాకా ఎవర్నీ నమ్మకు. రాసినవాణ్ణి కూడా." పిచ్చుక సగంసార్లు మరచిపోయింది, సగంసార్లు ఆగింది.

సోమవారం బడి మెట్లెక్కుతూ తమ్ముడు అన్న చేయి పట్టుకొన్నాడు. "గుర్తుందిగా? కళ్లు మసక. అంతే. ఇంకేం వద్దు."

అన్న అవునని తల ఊపలేదు, కాదని అడ్డంగా ఆడించలేదు. తమ్ముడు దానిని సరే అని చదువుకొన్నాడు.

ప్రధానోపాధ్యాయురాలి గదిలో కిటికీ పక్కన పెద్ద బల్ల, గోడకు బడి నియమాల పలక ఉన్నాయి. భాష చెప్పే ఉపాధ్యాయురాలు తలుపు దగ్గర నిలుచుంది. ప్రధానోపాధ్యాయురాలు అలసిన ముఖంతో, మర్యాద తప్పకుండా మాట్లాడింది. గాయపడిన పిల్ల తల్లిదండ్రులు రెండుసార్లు వచ్చి వెళ్లారట.

"చెప్పండి. అమ్మాయి కళ్లెలా ఉన్నాయి?"

ఒక్క అబద్ధం చాలును. ఊళ్లో ఎవరూ దానిని అనుమానించరు.

"చాలా బాగున్నాయండి. నా దుకాణానికి వచ్చిన కళ్లలో ఇంత మంచివి తక్కువ."

"అన్నయ్యా!" అన్నాడు తమ్ముడు. ఆ పిలుపులో ఇన్నేళ్ల బంధుత్వం మొత్తం విరిగినట్లు వినిపించింది.

"అయితే కావాలనే చేసినట్టే కదా?" అంది ప్రధానోపాధ్యాయురాలు.

ఆయన చదివే అట్ట సంగతి, ఆదివారం వల సంగతి పూస గుచ్చినట్లు చెప్పాడు. భాష చెప్పే ఆమె దారి చూపకపోతే తాను దీనిని నటన అనే తేల్చి వచ్చేవాణ్ణని కూడా దాచలేదు. ప్రధానోపాధ్యాయురాలు శ్రద్ధగా విని, చేతులు కట్టుకొంది.

"మీరు పెదనాన్న. ఈవిడకి ముద్దు శిష్యురాలు. ఇద్దరూ ఒకే మాట చెబుతున్నారు. నేనెందుకు నమ్మాలి?"

ఆయన ముఖంలో మొదటిసారి వెలుగు వచ్చింది. తన భాష మాట్లాడే మనిషి ఇన్నాళ్లకు దొరికింది. "నమ్మకండి. నేనైనా నమ్మను. మీరే ఏదైనా చదివించి చూడండి."

ఆమె గోడ మీది పలక చూపించింది. "ఆ నాలుగోది చదువమ్మా."

అందరూ చూస్తూ ఉన్నారు. పిచ్చుక లేచి, వేళ్ల సంగతి మరచిపోయి, ఎప్పటిలాగే గడగడా చదివింది. "అనారోగ్యము వలన గాని, ఇంటి పనుల వలన గాని ఆలస్యముగా వచ్చి, కారణము తెలిపిన విద్యార్థిని తరగతిలోనికి..." అంతటితో నాలుక ముందుకు దూకింది: "అనుమతించవలెను."

పలక మీద "అనుమతించుటకు ముందు వేచియుండజేయవలెను" అని ఉంది.

"పలకలో అలా లేదు" అంది ప్రధానోపాధ్యాయురాలు. ఇంకా కరగలేదు. "ఇది కూడా ముందే అనుకొన్నదేమో నాకెలా తెలుస్తుంది?"

పిచ్చుక పలక వైపు తిరిగి, దగ్గరకు నడిచి, చివరి మాట మీద వేలు పెట్టింది. ముఖం ఎర్రబడింది. "ఉండండి మేడం. నేను చివర చూడలేదు. మళ్లీ చదువుతాను." ఈసారి నత్తలా చదివింది. మధ్యలో రెండుసార్లు వెనక్కి వెళ్లింది. సరిగ్గా ముగించింది. ముగించి, అడగకుండానే, "ఆ రోజు కూడా నేనిలాగే చేశాను. తగాదా నిజమే. దాని మీద కోపం కూడా నిజమే. కాని దాని చెయ్యి కాల్చాలనుకోలేదు" అంది.

ప్రధానోపాధ్యాయురాలు కాగితం తీసుకొని వ్రాయడం మొదలుపెట్టింది. తమ్ముడు అన్న వైపు చూడటం లేదు. వ్రాసి ముగించి, ఆమె కాగితాన్ని తండ్రి చేతికి గాక పిచ్చుక చేతికి ఇచ్చింది.

"నా నిర్ణయం. పైకి చదువు. ఎంతసేపైనా సరే."

ఒక్కటే వాక్యం. పేజీ సగం నిండుగా ఉంది. పిచ్చుక ఎడమచేతి వేలు చివర పెట్టింది, కాని ఆ మాటను అరచేత్తో కప్పేసింది. కుడిచేతి వేలు మొదటి నుండి బయలుదేరింది.

"తోటి విద్యార్థిని గాయమునకు కారణమైనందున... ఆమెను, ఆమె తల్లిదండ్రులను కలసి క్షమాపణ కోరి... ఉపాధ్యాయురాలు పక్కన నిలిచి అట్టను తనచేత చదివించనిదే ప్రయోగశాలలో ఏ సీసాను ముట్టక... ఈ సంవత్సరమంతయు నడచుకొనవలసిన ఈ విద్యార్థిని... ఈ బడిలో తన స్థానమును..."

వేలు ఆగింది. తండ్రి కుర్చీ చేతిని పట్టుకొన్నాడు. తలుపు దగ్గర నిలుచున్న ఉపాధ్యాయురాలు కళ్లు మూసుకొంది. ఆ చోట ఏ మాటైనా వచ్చి కూర్చోగలదు. పిచ్చుక పెదవులు ఏదో ఒకటి పలకడానికి కదిలాయి, కాని పలకలేదు. పెదనాన్న వైపు కూడా చూడలేదు. అరచేయి మెల్లగా ఎత్తింది.

"...కోల్పోవలసిన," అని చదివి, ఇంకా ఒక మాట మిగిలి ఉన్నదని చూచుకొని, దానిని కూడా చదివింది: "పనిలేదు."